ఇంటర్ పరీక్షలు అయిపోగానే ‘సమ్మర్ ఆఫీస్ జాబ్’ మెసేజ్‌లు: వెళ్లే ముందు ఏం చూసుకోవాలి, కట్టేశాక ఏం చేయాలి

#1 · కృష్ణలంక_కుర్రాడు

ఇంటర్ సెకండియర్ పరీక్షలు అయిన దగ్గర్నుంచి మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరుగుతోంది. ఉన్నదున్నట్టు పెడుతున్నా.

“అర్జెంట్ రిక్వైర్‌మెంట్. ఇంటర్, డిగ్రీ, బీటెక్ స్టూడెంట్స్‌కి సమ్మర్ జాబ్. ఆఫీస్ వర్క్. జీతం 18,000 నుంచి 25,000. ఫుడ్, రూమ్ ఫ్రీ. అనుభవం అక్కర్లేదు. ఈ నెలాఖరు వరకే. వచ్చేటప్పుడు ఆధార్, పాన్, టెన్త్ మెమో ఒరిజినల్, 4 ఫొటోలు, రెండు జతల ఫార్మల్స్ తెచ్చుకోవాలి.”

పని ఏంటని అడిగితే “వస్తే సార్ ఎక్స్‌ప్లెయిన్ చేస్తారు” అంటున్నారు. ఆఫీసు కూకట్‌పల్లి వైపట. కంపెనీ పేరు అడిగితే ఒక్కోసారి ఒక్కో పేరు. నలుగురు వెళ్లాలనుకుంటున్నారు, అందులో ఇద్దరికి 18 నిండలేదు. EAPCET కౌన్సెలింగ్ దాకా ఖాళీయే కదా అని ఆలోచన. వెళ్లొచ్చా?

#2 · ఫీల్డ్_సేల్స్

తమ్ముడూ, ముందు ఆ మెసేజ్‌నే మాట మాట విడదీసి చూడు. ‘ఆఫీస్ వర్క్’ అన్నారు, ఏ పనో లేదు. ‘జీతం 18,000 నుంచి’ అన్నారు, నెల తిరిగితే వచ్చేదా, టార్గెట్ కొడితే వచ్చేదా లేదు. రెండు జతల ఫార్మల్స్ అడిగారంటే నిన్ను నలుగురి ముందు నిలబెట్టే పని. ఒరిజినల్ మెమో అడిగారంటే మధ్యలో వెళ్లిపోకుండా పట్టు.

పని పేరు ఫోన్లో చెప్పకపోవడం ఆ పిలిచే కుర్రాడి తెలియనితనం కాదు. అతనికి నేర్పిన మొదటి పాఠమే అది. “ఇన్విటేషన్‌లో ప్లాన్ ముచ్చట ఎత్తొద్దు, మనిషిని హాల్లో కూర్చోబెట్టు చాలు” అని నేర్పుతారు. ఫోన్లో చెబితే వినేవాడు ఇంట్లో అడుగుతాడు, నెట్‌లో వెతుకుతాడు. హాల్లో కూర్చుంటే పక్క సీటులో పిలిచిన స్నేహితుడే ఉంటాడు, లేచి రావడానికి మొహమాటం అడ్డొస్తుంది.

ఇలాంటి ప్రకటనల వెనక రెండు రకాల పనులు ఉంటాయి. మొదటిది ఇంటింటికీ తిరిగి సామాను అమ్మడం: కిచెన్ సెట్లు, డిస్కౌంట్ కూపన్ కార్డులు, పుస్తకాలు, వాటర్ ఫిల్టర్ల డెమో. రూపాయి జీతం లేకుండా అంతా కమీషనే. రెండోది చేరిక. నువ్వే డబ్బు కట్టి చేరాలి, ఆ తర్వాత ఇంకొకరిని చేర్చాలి. ఫుడ్, రూమ్ ఫ్రీ అని దూర ఊరి పిల్లల్ని పిలుస్తున్నారంటే ఎక్కువసార్లు రెండోదే.

అక్కడ రోజులు ఎలా నడుస్తాయంటే: మొదటి రోజు ఫారం, 200 నుంచి 500 దాకా రిజిస్ట్రేషన్. ఫోన్ సైలెంట్‌లో పెట్టమంటారు. రెండు గంటల ప్రెజెంటేషన్‌లో సామాను గురించి పది నిమిషాలు కూడా ఉండదు, మిగతా అంతా కార్లు, ఫారిన్ టూర్లు, “మీ నాన్న ముప్పై ఏళ్లు కష్టపడి ఏం మిగుల్చుకున్నాడు?” అనే ప్రశ్న. ఆ ప్రశ్నకి హాల్లో ఉన్న ప్రతి పిల్లాడూ తల దించుకుంటాడు. అమ్మకం జరిగేది అక్కడ.

రెండో రోజో మూడో రోజో ‘కిట్’ మాట వస్తుంది. సూట్ లెంగ్త్ బట్ట, ఆయుర్వేదం డబ్బాలు, వాచీ, లేదా ఆన్‌లైన్ కోర్సు. పది వేల నుంచి నలభై వేల దాకా అడుగుతారు. ఇంట్లో మాత్రం “కంప్యూటర్ ట్రైనింగ్ ఫీజు” అనో “లాప్‌టాప్ డిపాజిట్” అనో చెప్పమంటారు. సొంత ఇంట్లో అబద్ధం చెప్పి డబ్బు తెమ్మన్నారంటే ఇక మిగతా ఏ పరీక్షా అక్కర్లేదు, అక్కడికక్కడే బ్యాగు సర్దుకుని వచ్చేయాలి.

కట్టిన మర్నాడు తెల్ల కాగితం ఇచ్చి వంద పేర్లు రాయమంటారు. ‘నేమ్ లిస్ట్’. మొదట రాసేది నీ ప్రాణ స్నేహితుడి పేరు.

#3 · లెక్కల_మాస్టారు

రెండో రకం లెక్క ఒకసారి కాగితం మీద వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీకు చూపించే ప్లాన్‌లో ఉన్నవి పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

చేరిక 12,500. నీ కింద ఎడమ వైపు ఒకరు, కుడి వైపు ఒకరు చేరితే ఆ ‘పెయిర్’కి 2,000. అందులో అడ్మిన్ ఛార్జి 10 శాతం అంటే 200, టీడీఎస్ (ముందే కోసే పన్ను) 2 శాతం అంటే 40. చేతికి 1,760. నువ్వు పెట్టిన 12,500 తిరిగి రావాలంటే 8 పెయిర్లు కావాలి, అంటే 16 మంది. వాళ్లు కట్టేది 2,00,000. నీ పన్నెండు వేల ఐదొందలు నీకు రావడానికి నీకు తెలిసిన ఇళ్ల నుంచి రెండు లక్షలు బయటికి పోవాలి. అదీ ఎడమ 8, కుడి 8 సరిగ్గా కుదిరితేనే. ఎడమ 14, కుడి 2 అయితే నీకు పడేది రెండే పెయిర్లు. ‘పవర్ లెగ్ (ఎక్కువ మంది ఉన్న వైపు) మీ అప్‌లైన్ (నిన్ను చేర్చిన పైవాడు) వేస్తాడు, నువ్వు వీక్ లెగ్ (తక్కువ మంది ఉన్న వైపు) చూసుకో చాలు’ అని చెప్పేది ఇందుకే. వీక్ లెగ్ దగ్గరే అందరూ ఆగిపోతారు. కొన్ని ప్లాన్లలో జత కలవని పాయింట్లు వారానికో నెలకో ఫ్లష్ అవుట్, అంటే రద్దు, అయిపోతాయి. ఆ షరతు స్లైడ్‌లో ఉండదు, ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇక చెట్టు మొత్తం. 1, 2, 4, 8 అని పోతే 26 వరసలు నిండేసరికి 6.7 కోట్ల మంది కావాలి, 27వ వరసతో కలిపి 13.4 కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే సుమారు 8.5 కోట్లు, చంటిపిల్లలతో సహా. ఇంకో మాట. చెట్టు ఏ వరస నిండాక ఆగినా అట్టడుగు వరసలో ఉన్నవాళ్లు పైవాళ్లందరి కన్నా ఒకరు ఎక్కువే, అంటే సగం మందికి పైనే ఉంటారు. వాళ్ల కింద ఎవరూ లేరు కాబట్టి వాళ్లకు ఒక్క పెయిర్ కూడా పడదు. ఎంత కష్టపడేవాడైనా, ఎంత బాగా మాట్లాడేవాడైనా ఈ సగం మారదు. “నీలో పట్టుదల లేదు కాబట్టే రాలేదు” అని పిల్లల్ని నమ్మించడం చూస్తే బాధేస్తుంది. అది పట్టుదల లెక్క కానే కాదు.

#4 · నెట్‌వర్కర్_గుంటూరు

అందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. డైరెక్ట్ సెల్లింగ్, అంటే షాపు లేకుండా మనుషుల ద్వారా నేరుగా అమ్మడం, మన దేశంలో చట్టబద్ధం. 2021లో కేంద్రం రూల్స్ కూడా ఇచ్చింది. సామాను మంచిదైతే, ఎవరినీ చేర్చకుండా అమ్ముకున్నా కమీషన్ వస్తే తప్పేముంది?

#5 · కోర్టు_మెట్లు

#4 గారు అన్నదాంట్లో మొదటి సగం నిజం. వినియోగదారుల రక్షణ (డైరెక్ట్ సెల్లింగ్) నియమాలు 2021 డిసెంబర్ 28న నోటిఫై అయ్యాయి. కానీ ఆ నియమాలు చేసిన పని డైరెక్ట్ సెల్లింగ్‌కి ముద్ర కొట్టడం కాదు, గీత గీయడం. పిరమిడ్ స్కీమ్ (పైన చెప్పిన చేరికల చెట్టు లాంటిది) నడపకూడదు, డైరెక్ట్ సెల్లింగ్ ముసుగులో మనీ సర్క్యులేషన్ (చేరినవాళ్ల డబ్బే తిప్పడం) చేయకూడదు అని అందులోనే రాశారు. అమ్మేవాడితో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, దేశంలో రిజిస్టర్డ్ ఆఫీసు ఉండాలి, ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 పనిగంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అమ్మేవాడు గుర్తింపు కార్డు లేకుండా, ముందు అపాయింట్‌మెంట్ లేకుండా కొనేవాళ్ల ఇంటికి వెళ్లకూడదు. ఇప్పుడు ఆలోచించండి: కార్డు కూడా ఇవ్వకుండా పిల్లల్ని అపార్ట్‌మెంట్ల మీదికి వదిలేవాడు ఈ నియమాల్లో దేన్ని పాటిస్తున్నట్టు?

గీత ఎక్కడంటే ఒక్క ప్రశ్నలో తేలుతుంది. మీ కమీషన్ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది? సామాను వాడుకుందామని కొన్న బయటివాడి జేబులోంచి వస్తే అది అమ్మకం. కమీషన్ సంపాదిద్దామని చేరినవాడి జేబులోంచి వస్తే అది చేరిక, మధ్యలో సబ్బు ఉన్నా, సూట్ బట్ట ఉన్నా, కోర్సు ఉన్నా.

చేరికకు వర్తించేది 1978 నాటి ప్రైజ్ చిట్స్ అండ్ మనీ సర్క్యులేషన్ స్కీమ్స్ (నిషేధ) చట్టం. సెక్షన్ 2(సి)లో నిర్వచనం: సభ్యుల్ని చేర్చడంతో ముడిపడి తేలిగ్గా, త్వరగా డబ్బు వస్తుందన్న ఆశ చూపించే పథకం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే కేసులో ఈ నిర్వచనాన్నే పరిశీలించి, ఆనాటి ఆ పథకం దీని కిందికి వస్తుందని చెప్పింది. సామాను ఉంది కదా అన్న వాదన అక్కడ నిలవలేదు.

విద్యార్థులు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది సెక్షన్ 3. నడిపేవాడికే కాదు నిషేధం. అందులో సభ్యుడిగా చేరడం, పాల్గొనడం, దానికోసం డబ్బు తీసుకోవడం, పంపడం, అన్నీ ఆ వాక్యంలో ఉన్నాయి. సెక్షన్ 4 ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఫ్రెండ్‌ని చేర్చి, అతని డబ్బు మీ ఫోన్‌పేలో తీసుకుని పైకి పంపితే, రేపు అతని తండ్రి పెట్టే కంప్లైంట్‌లో కనపడే మొదటి పేరు మీది, మొదట ఆగిపోయే ఖాతా మీది. పైవాడి పేరు ఆ తండ్రికి తెలియనే తెలియదు.

2019 మార్చిలో నోయిడాకు చెందిన ఈబిజ్ సంస్థ మేనేజింగ్ డైరెక్టర్‌ను సైబరాబాద్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు కూడా పోలీసుల అభియోగం ఇలాంటిదే: కంప్యూటర్ కోర్సుల ప్యాకేజీ పేరుతో చేరిక, గురి ముఖ్యంగా విద్యార్థుల మీద.

#6 · నెట్‌వర్కర్_గుంటూరు

ఫోన్‌పే మాట ఒప్పుకుంటున్నా. డబ్బు ఎప్పుడూ కంపెనీ పేరున్న ఖాతాకే పోవాలి, జీఎస్‌టీ బిల్లు రావాలి. అప్‌లైన్ సొంత నంబర్‌కి వేయమన్నారంటే నేనైనా వద్దనే చెబుతాను.

#7 · కోర్టు_మెట్లు

మర్చిపోయాను. 18 నిండని ఇద్దరి గురించి. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 11 ప్రకారం మైనర్‌కి ఒప్పందం చేసుకునే అర్హత లేదు. వాళ్లు పెట్టిన సంతకం చెల్లదు. “అగ్రిమెంట్ మీద సైన్ చేశావు, ఏడాది ఉండాల్సిందే, మధ్యలో పోతే పెనాల్టీ” అని బెదిరిస్తే ఆ ఒక్క మాట చాలు: పుట్టిన తేదీ చూపించండి.

#8 · సిఏ_బెజవాడ

వెళ్లకముందే ఇంట్లో కూర్చుని చేయగల తనిఖీ చెబుతా, పావుగంట పని.

మొదట కంపెనీ పూర్తి పేరు, సీఐఎన్ (కంపెనీ గుర్తింపు) నంబరు మెసేజ్‌లో రాసి పంపమనండి. ఫోన్లో కాదు, రాతలో. సీఐఎన్‌లో 21 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటిది యూ లేదా ఎల్ (లిస్ట్ కాని కంపెనీ, లిస్ట్ అయినది), తర్వాత 5 అంకెలు వ్యాపారం కోడ్, 2 అక్షరాలు రాష్ట్రం, 4 అంకెలు పెట్టిన సంవత్సరం, 3 అక్షరాలు కంపెనీ రకం, చివరి 6 అంకెలు రిజిస్ట్రేషన్ నంబరు. ‘పదిహేనేళ్లుగా ఉన్న కంపెనీ’ అంటారు, నంబర్లో సంవత్సరం నిరుడుదే ఉంటుంది. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ సైట్‌లో కంపెనీ మాస్టర్ డేటాలో ఆ నంబరు కొడితే పెట్టిన తేదీ, పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు పెట్టిన డబ్బు), అడ్రసు, డైరెక్టర్లు వస్తారు. లక్ష రూపాయల క్యాపిటల్ ఉన్న కంపెనీ ఊళ్లూళ్లా పిల్లలకి నెలకి పాతిక వేల జీతం ఎక్కడి నుంచి ఇస్తుందో అడగండి.

గోడకి వేలాడే సర్టిఫికెట్ల గురించి కూడా. జీఎస్‌టీ నంబరు (15 అక్షరాలు, అంకెలు) పన్ను కట్టడానికి. ఫుడ్ లైసెన్స్ నంబరు (14 అంకెలు) తినే వస్తువుకి. ఉద్యం (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఎవరైనా ఆధార్‌తో ఆన్‌లైన్లో తెచ్చుకోవచ్చు. ఐఎస్ఓ కాగితం ప్రభుత్వం ఇచ్చేది కాదు. “కేంద్ర వినియోగదారుల శాఖ లిస్టులో మా పేరుంది” అనేది కూడా వింటాం. 2016 మార్గదర్శకాలు వచ్చాక కంపెనీలు తామే రాసిచ్చిన అండర్‌టేకింగ్‌ల లిస్టు అది. శాఖ చూసి ఆమోదించినట్టు కాదు. వీటిలో ఏదీ జీతం ఇస్తామన్న మాటకు పూచీ కాదు.

జీతానికి పూచీ ఆఫర్ లెటర్. అందులో నెల జీతం అంకెల్లో, పని గంటలు, పని చేసే చోటు, ఎవరి కింద అన్నది ఉండాలి. ‘ఇన్సెంటివ్’, ‘ఎర్నింగ్ పొటెన్షియల్’, ‘స్టైపెండ్ బేస్డ్ ఆన్ పెర్ఫార్మెన్స్’ అనే మాటలుంటే అది జీతం కాదు. “మీరు కంపెనీ ఉద్యోగి కారు, స్వతంత్ర డిస్ట్రిబ్యూటర్” అన్న వాక్యం ఎక్కడున్నా అది ఉద్యోగమే కాదు, ఆ వాక్యం చదివాక ఇక జీతం గురించి అడగడం దండగ.

#9 · హాస్టల్_వార్డెన్_వరంగల్

ఒరిజినల్ మెమో ఎవ్వరికీ ఇయ్యకుండ్రి. టెన్త్, ఇంటర్ మెమోలు డిజీలాకర్ల ఉంటే ప్రింట్ తీసి అదే ఇయ్యండి. ఒరిజినలే కావాలె అంటే వాపస్ వచ్చేయండి. కౌన్సెలింగ్ టైంకి సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఉంటది, ఇంజినీరింగ్‌కైనా దోస్త్‌ (డిగ్రీ అడ్మిషన్ల)‌కైనా. ఆ టైంకి మెమో వాళ్ల బీరువాల ఉంటే సీటు పోతది. వాళ్లకు ఆ సంగతి తెలుసు, అందుకే పట్టుకుంటరు. ఇప్పటికే ఇచ్చి ఉంటే రాతల అడగండి, రెండు రోజుల్ల ఇయ్యకపోతే స్టేషన్ల దరఖాస్తు ఇయ్యండి.

#10 · ఫీల్డ్_సేల్స్

మొదటి రకం, అంటే ఇంటింటి అమ్మకం సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి. ఇది నేరం కాదు, కానీ ‘ఆఫీస్ జాబ్’ అని పిలిచి ఇందులో దించడం మోసమే.

ఒక రోజు లెక్క ఉదాహరణగా చూడండి. పొద్దున 8:30కి మీటింగ్: చప్పట్లు, నినాదాలు, నిన్నటి టాపర్‌కి గంట కొట్టడం. ఒక గంట. దానికి డబ్బు లేదు. 499 రూపాయల కిచెన్ సెట్లు పది బ్యాగులో పెట్టి సంతకం తీసుకుంటారు, అది అప్పగింత. కాలనీ చేరేసరికి 10:30. గేటెడ్ అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ ఆపేస్తాడు, కాబట్టి విడి ఇళ్లే. మే నెలలో 12 నుంచి 4 దాకా తలుపులు తెరుచుకోవు. సాయంత్రం 6:30 దాకా 80 తలుపులు కొడితే 50 తెరుచుకుంటాయి, నలుగురైదుగురు కొంటారు. కమీషన్ 20 శాతం వేసుకుంటే ఐదు సెట్లకి 500. బస్సు, భోజనం, మంచినీళ్లు, టీ పోను 300 మిగిలితే గొప్ప. రాత్రి ఆఫీసుకి తిరిగొచ్చి లెక్క అప్పజెప్పేసరికి 8. దాదాపు పన్నెండు గంటలు. నెలకి 26 రోజులు ఆగకుండా తిరిగితే 7,800. ఒక సెట్టు మూత పగిలినా, ఎవరైనా వాపస్ ఇచ్చినా అది మీ ఖాతాలో కోత.

మరి ఎందుకు చేస్తారంటే నిచ్చెన చూపిస్తారు: ట్రైనీ, లీడర్, అసిస్టెంట్ మేనేజర్, ఆరు నెలల్లో సొంత ఆఫీస్. లీడర్ అవ్వడానికి షరతు ఏంటో అడగండి. ‘నీ కింద ఐదుగురిని ట్రైన్ చేయాలి’ అంటారు. అంటే మళ్లీ నేమ్ లిస్టే.

వెళ్లాలనే అనుకుంటే కనీసం ఇవి: డిపాజిట్ కట్టొద్దు. అప్పగింత కాగితం ఫొటో తీసుకోండి, సంఖ్య మీరే అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి. కమీషన్ రోజూ ఇస్తారా, వారానికా, వారానికైతే మొదటి వారం పట్టి ఉంచుతారా అడగండి. పట్టి ఉంచితే మానేసిన రోజు అది రాదు అనుకోవడమే. అమ్మాయిల్ని ఒంటరిగా కాలనీల్లోకి పంపే చోటికి అసలు వెళ్లొద్దు.

#11 · తెనాలి_అక్క

మా ఎదురింటి అబ్బాయి కోసం అడుగుతున్నానండీ. ఆరు రోజుల కిందట 12,500 కట్టాడు, ఏడు వేలు కంపెనీ ఖాతాకి, మిగతాది వాళ్ల లీడర్ ఫోన్‌పేకి. కిట్ ఇచ్చారు, సీలు తీయలేదు. ఎవర్నీ చేర్చలేదు. డబ్బు వెనక్కి వస్తుందా?

#12 · విశాఖ_వినియోగదారు

వస్తుంది అక్కా, 30 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చని చట్టంలోనే ఉంది. కూలింగ్ ఆఫ్ పీరియడ్ అంటారు.

#13 · కోర్టు_మెట్లు

#12 గారూ, చిన్న సవరణ. కూలింగ్ ఆఫ్ అన్నది నియమాల్లో ఉంది, జరిమానా లేకుండా ఒప్పందం నుంచి తప్పుకునే గడువు. కానీ 30 అనే అంకె అందరికీ వర్తించేలా అందులో లేదు. ఎన్ని రోజులన్నది ఆ కంపెనీ అగ్రిమెంట్లో చూసుకోవాలి. కొన్నింట్లో వారమో పది రోజులో రాస్తారు. అందుకే తెనాలి అక్కగారూ, 30 రోజులున్నాయి కదా అని ఆగొద్దు, ఇవాళే కదలాలి.

వరస ఇది. కిట్ సీలు తీయొద్దు, పెట్టె ఆరు వైపులా ఫొటోలు, బిల్లు, బ్యాచ్ నంబరు కనపడేలా. రెండు చెల్లింపులకీ యూటీఆర్ (లావాదేవీ) నంబర్లు రాసుకోండి. వాట్సాప్ చాట్‌ని స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా, మూడు చుక్కలు నొక్కి ‘ఎక్స్‌పోర్ట్ చాట్’తో బయటికి తీసి మీ మెయిల్‌కి పంపుకోండి. అవతలివాళ్లు ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొట్టేలోపు చేయాలి. పాత ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) సర్టిఫికెట్ కావాలి, దానికి ఆ ఫోన్ అవసరం.

తర్వాత ఉత్తరం. మెయిల్ చేసి, అదే ఉత్తరం ఒరిజినల్ స్పీడ్ పోస్టులో, అగ్రిమెంట్లో ఉన్న రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసుకి పంపండి. లీడర్‌కి కాదు. ఇంతకన్నా పెద్దది రాయొద్దు:

“నేను ఫలానా తేదీన, ఫలానా ఐడీ నంబరుతో చేరాను. చెల్లించినది 12,500 రూపాయలు, యూటీఆర్ నంబర్లు ఇవి. ఉద్యోగం, నెల జీతం అని చెప్పి పిలిచారు, అది నిజం కాదని తెలిసింది. ఒప్పందాన్ని ఈ తేదీ నుంచి రద్దు చేసుకుంటున్నాను. కిట్ సీలు తీయకుండా నా దగ్గర ఉంది, వెనక్కి తీసుకుని మొత్తం డబ్బు నేను పంపిన ఖాతాకే 15 రోజుల్లో జమ చేయండి. నా ఐడీ కింద ఎవరినీ చేర్చవద్దు.”

చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. వదిలేసిన ఐడీ కింద పైవాళ్లు కొత్తవాళ్లని వేస్తూ పోతే, ఆ తర్వాత చేరిన కుటుంబాలకి మీ వాడి పేరే కనపడుతుంది.

ఉత్తరంతో పాటే 1915కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు చేసి డాకెట్ (ఫిర్యాదు) నంబరు తీసుకోండి. కేసు దాకా పోకుండా ఇక్కడే కంపెనీ దిగొచ్చే అవకాశం ఉంది. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు చెల్లింపుకి ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, రెండేళ్ల గడువు. “వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారు కారు” అని అవతలి లాయరు అంటాడు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని 2019 చట్టం సెక్షన్ 2(7) వివరణలో ఉంది, అది ఎత్తి చూపండి.

లీడర్ ఫోన్‌పేకి పోయిన 5,500 సంగతి వేరు. దానికి కంపెనీ మాకు సంబంధం లేదంటుంది. ఉద్యోగమని నమ్మించి సొంత ఖాతాకి తీసుకున్నాడు కాబట్టి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆన్‌లైన్ సైబర్ క్రైమ్ పోర్టల్లో నమోదు చేయండి, స్థానిక స్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వండి. “హైదరాబాద్‌లో జరిగింది, అక్కడికే వెళ్లండి” అంటే బీఎన్ఎస్ఎస్ (పోలీసులు, కోర్టులు నేర కేసులు నడిపే పద్ధతి చట్టం) సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. తీసుకోకపోతే అదే కాగితం ఎస్పీకి పోస్టులో పంపొచ్చు.

“ఇద్దర్ని చేర్చు, నీ డబ్బు నీకు వచ్చేస్తుంది” అని ఈలోపు వాళ్లు అంటారు. అది ఒక్కటి చేయకుండా ఉంటే చాలు, ఆ అబ్బాయి బాధితుడిగానే ఉంటాడు.

#14 · తెనాలి_అక్క

ఇవాళే పోస్ట్ చేయిస్తాను. చాలా థాంక్సండీ.

#15 · డల్లాస్_తెలుగు

అమెరికాలో చదివేవాళ్లకి ఇదే ఇంకో రూపంలో వస్తుంది, కాబట్టి రాస్తున్నా. ఇండియన్ స్టోర్లోనో వాల్‌మార్ట్‌లోనో “మీరు తెలుగా? ఏ యూనివర్సిటీ?” అని మాట కలుపుతారు. నంబరు తీసుకుంటారు, వారం తర్వాత కాఫీ, ‘మెంటర్’, ‘పాసివ్ ఇన్‌కమ్’, ‘ఈ-కామర్స్ ప్రాజెక్ట్’. మూడో నాలుగో మీటింగ్ దాకా కంపెనీ పేరు బయటికి రాదు.

ఇక్కడ పోయేది డబ్బు ఒక్కటే కాదు, వీసా స్టేటస్ కూడా. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లకి సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలే అనుమతి. క్యాంపస్ బయట సీపీటీ, ఓపీటీ లాంటి (చదువుకి సంబంధించిన పనికిచ్చే) అనుమతి లేకుండా ఏ పనీ కుదరదు. “ఇది జాబ్ కాదు, నువ్వు ఇండిపెండెంట్ బిజినెస్ ఓనర్” అంటే తప్పించుకున్నట్టు కాదు. కమీషన్ తీసుకున్నా, 1099 ఫారం (ఉద్యోగి కానివాళ్లకి ఇచ్చే ఆదాయ పత్రం) వచ్చినా అది పనే. ఓపీటీలో ఉన్నా పని మీ చదువుకి సంబంధించినదై ఉండాలి. స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ చదువుల) ఎక్స్‌టెన్షన్‌కైతే ఈ-వెరిఫైలో (ప్రభుత్వ తనిఖీ వ్యవస్థలో) ఉన్న ఎంప్లాయర్, ఐ-983 ట్రైనింగ్ ప్లాన్ కావాలి. డౌన్‌లైన్ (కింద మనుషుల్ని చేర్చే) వ్యాపారం ఆ చట్రంలో ఇమడదు. ముందు డీఎస్ఓని (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారిని) మెయిల్‌లో అడగండి. పిలిచిన మెంటర్ మాట ఇమిగ్రేషన్ ఆఫీసర్ ముందు పనికిరాదు.

#16 · నాన్న_ఖమ్మం

పిల్లాడు ఇప్పటికే అట్లాంటి రూమ్‌లో ఉండి, ఫోన్ చేస్తే “బాగుంది నాన్నా” అంటూ డబ్బు అడుగుతున్నప్పుడు తల్లిదండ్రులు ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

#17 · హాస్టల్_వార్డెన్_వరంగల్

తిట్టకండి. అట్లాంటి రూముల్ల ఫోన్ స్పీకర్‌ల పెట్టించి మాట్లాడిస్తరు, పక్కన సీనియర్ ఉంటడు. “ఇంట్లవాళ్లు వ్యతిరేకిస్తరు, వాళ్లు నెగెటివ్” అని ముందే చెప్పిపెడ్తరు. మీరు అరిస్తే వాళ్లు చెప్పిందే నిజం అయితది.

అవునూ కాదులతోటి జవాబు వచ్చేటట్టు అడగండి: పక్కన ఎవరన్న ఉన్నరా? మెమో నీ దగ్గర ఉందా? బయటికి ఒక్కనివే పోనిస్తరా? లొకేషన్ షేర్ చేయమనండి. డబ్బు పంపుత గని కంపెనీ పేరున్న ఖాతా నంబరు, బిల్లు పంపు అనండి. వ్యక్తి ఖాతా పంపితే మీకు సంగతి అర్థమైతది. ఎట్లయినా రూపాయి పంపకండి, ‘ఫ్లైట్ టికెట్’, ‘ప్రమోషన్ ఫీజు’ అని మళ్ల మళ్ల అడుగుతరు.

ఒక్కనివి బయటికి పోనియ్యట్లేదు అంటే ఆలోచించకుండ 112కి ఫోన్ చేయండి, అడ్రస్ చెప్పండి. లేకపోతే మీరే ఇంకొకరిని తోడు తీసుకుని పగటిపూట పోండి. పోయినంక పంచాయితీ పెట్టుకోకుండ్రి. పిల్లగాడు, మెమో, ఫోన్, ఈ మూడు తీసుకుని బయటపడుండ్రి. డబ్బు సంగతి తర్వాత #13ల రాసినట్టు చేయొచ్చు.

ఇంటికి వచ్చినంక వాడు రెండు నెలలు ముభావంగ ఉంటడు. స్నేహితులను చేర్చిన పిల్లలకు ఇంకా ఎక్కువ, వాళ్ల ముఖం చూడలేరు. అప్పుడు కావల్సింది తల్లిదండ్రులు పక్కన కూసోవడమే. ఎవరెవరిని చేర్చిండో వాళ్లింటికి మీరే వాణ్ని తీసుకపోయి కలిసి ఫిర్యాదు రాయించండి. చేర్చినోడే ముందుకొచ్చి చెప్తే పోలీసులకు పై దాక పోయే దారి దొరుకుతది.

#18 · కృష్ణలంక_కుర్రాడు

అందరికీ థాంక్స్. #8లో చెప్పినట్టు సీఐఎన్ మెసేజ్‌లో పంపమని అడిగాం. “ఇంత డౌట్ ఉన్నవాళ్లు మా కంపెనీకి అవసరం లేదు” అని రిప్లై పెట్టి గ్రూప్ నుంచి తీసేశారు. నలుగురం వెళ్లట్లేదు.

ఒక్కటే భయం. మాలో ఒకడు ‘సీటు రిజర్వ్’ కోసం ఆధార్, పాన్ ఫొటోలు వాట్సాప్‌లో ముందే పంపేశాడు. పుట్టిన తేదీ, సెల్ఫీ కూడా.

#19 · సిఏ_బెజవాడ

కంగారు పడకండి, కానీ ఈ వారంలోనే కొన్ని పనులు చేయాలి.

ఆధార్ యాప్‌లోగానీ యూఐడీఏఐ సైట్లోగానీ బయోమెట్రిక్ లాక్ పెట్టమనండి. ఆథెంటికేషన్ హిస్టరీ కూడా అక్కడే ఉంటుంది, తనకి తెలియని ఎంట్రీ ఉందేమో చూడాలి. సంచార్ సాథీ పోర్టల్లో తన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుంది, తనది కానిది ఉంటే అక్కడే ‘నాట్ మై నంబర్’ కొట్టొచ్చు. 18 నిండినవాడైతే పాన్‌తో లోన్ యాప్‌లో అప్పు తీసే ప్రమాదం ఉంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, ఈ నాలుగూ ఏడాదికి ఒక్కోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒకేసారి నాలుగూ తీయొద్దు, మూడు నెలలకొకటి చొప్పున తీస్తే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో ఏఐఎస్ (ఏడాది ఆదాయ వివరాల పట్టిక) తెరిస్తే తన పాన్ మీద ఎవరైనా కమీషన్ చూపించి టీడీఎస్ కట్టారేమో తెలుస్తుంది. అలా కనపడితే తన పేరుతో ఐడీ తెరిచారని అర్థం. ఆ సమాచారం తనది కాదని అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇచ్చి, ఆ పేజీ ప్రింట్ తీసుకుని ఫిర్యాదుకి జత చేయండి.

ఓటీపీ ఏదైనా చెప్పాడా? అది ముందు అడగండి. చెప్పి ఉంటే బ్యాంకు బ్రాంచికి ఇవాళే వెళ్లాలి.

#20 · కృష్ణలంక_కుర్రాడు

అడిగాను. ఓటీపీ చెప్పలేదట. బయోమెట్రిక్ లాక్ ఇప్పుడే పెట్టించాం. సిమ్‌లు ఒకటే చూపిస్తోంది, అతనిదే. రిపోర్టు రేపు తీస్తాం.